ఊరు పెరిగింది సరే, రైతు అమ్ముకునే చోటేదీ?

(ఆళ్లగడ్డలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం మన పట్టణాల అభివృద్ధి. ఆ మాట వినంగానే కొందరికి ఆవలింత వస్తుంది. ఎన్నికలప్పుడు విని విని అరిగిపోయిన మాట. అయినా దాన్ని నాయకులకూ ప్లాట్ల వ్యాపారులకూ వదిలిపెట్టి మనం చేనికాడికి పోతే, రేపు ఆ చేను కూడా వాళ్ల ప్లానులోనే కనపడుతుంది. అందుకని మాట్లాడుకుందాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నంద్యాల గానీ ఆళ్లగడ్డ గానీ పంట అమ్ముకునే ఊర్లుగా పెరిగినాయి. ఇప్పుడు ఊరు పెరుగుతోంది, ఊర్లో రైతు పంట అమ్ముకునే చోటు మాత్రం కుంచించుకుపోతోంది. ఆ చోటును నిలబెట్టకుండా ఎన్ని రోడ్లు వెడల్పు చేసినా, ఎన్ని సర్కిళ్లకు లైట్లు పెట్టినా అది ఊరిని బాగుచేసినట్టు కాదు, ఊరికి సున్నం వేసినట్టు.

ఈ ఊర్లు దేని మీద పెరిగినాయి?

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. నడుమ నల్లరేగడి. ఆ నడుమ కుందూ పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. చుట్టూ నవనందులున్నాయి, మహానంది ఉంది, యాత్రికులు ఎప్పటినుంచో వస్తూనే ఉన్నారు. కానీ యాత్రికుల వల్ల గుడి పెరుగుతుంది. బజారు పెరగాలంటే పంట రావాల.

1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ కె.సి. కాలువ తవ్వకం మొదలుపెట్టింది. వాళ్లకు మన మీద ప్రేమేమీ లేదు. నీళ్లు అమ్ముకోవచ్చు, కాలువలో పడవలు నడిపి సరుకు మోయవచ్చు, లాభాలు పంచుకోవచ్చు అనుకున్నారు. లెక్క తప్పింది. మన పెద్దలు నల్లరేగట్లో జొన్న, కొర్ర, పత్తి వేసేవాళ్లు, కంపెనీ అనుకున్నంత నీళ్లు కొనలేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనుక్కుంది. తర్వాత తర్వాత అదే కాలువ కింద మడి సేద్యం పెరిగింది. ఈనాడు దాని ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాలు.

కాలువ వెనకాలే రైలు వచ్చింది. 1880లలో నల్లమల కొండలు తొలిచి గుంతకల్లు, బెజవాడల నడుమ మీటర్ గేజి లైను వేసినారు. నంద్యాల దాని మీద స్టేషనయింది. 1899లో నంద్యాల మునిసిపాలిటీ అయింది. 1906లో వ్యవసాయ పరిశోధన కేంద్రం వచ్చింది. ఈ వరుస ఒకసారి చూడండి. ముందు కాలువ, దాని వెనక రైలు, దాని వెనక మునిసిపాలిటీ, దాని వెనక పరిశోధన కేంద్రం. పంట ముందు నడిచింది, పట్టణం వెనక నడిచింది.

ఆ తర్వాత తెలుగుగంగ వచ్చింది, వెలుగోడు జలాశయం వచ్చింది. శ్రీశైలం కుడి గట్టు కాలువ వచ్చింది, గోరుకల్లు, అవుకు జలాశయాలు వచ్చినాయి. 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204 విడుదలయితే మన మడుల్లో అది ఎట్లా కుదురుకుందో మీకు తెలుసు. హైదరాబాదులో, బెంగుళూరులో బియ్యం అంగట్లో "కర్నూలు సోనా" అని అడిగి తీసుకుంటారు. అది పండింది ఎక్కువగా ఈ నంద్యాల లోయలోనే. ఆ వడ్లతో మిల్లులు లేచినాయి. మిల్లులతో లారీలు, లారీలతో మెకానిక్ షెడ్లు, టైర్ల అంగళ్లు, హోటళ్లు. మనకు బోర్లు, పొలానికి పైపులు కావాలంటే పైపుల ఫ్యాక్టరీ లేచింది. పాలకు డెయిరీ వచ్చింది. పత్తి విత్తనం పండించే చేలు వచ్చినాయి.

నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి గారు 1977లో గెలిచినారు, ఆ ఏడే రాష్ట్రపతి అయినారు. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండి 1991లో ఇక్కడి నుంచే లోక్‌సభకు పోయినారు. అంత పెద్ద పేర్లు వచ్చిపోయినాయి. అయినా ఊరిని పెంచింది ఆ పేర్లు కాదు. జనం లెక్కల్లో 2001 నాటికి లక్షన్నర దాటిన ఊరు 2011 నాటికి రెండు లక్షలు దాటిందంటే, చుట్టూ పండే పంట, ఆ పంట మీద తిరిగే డబ్బు దానికి మూలం.

ఆళ్లగడ్డ సంగతీ అంతే. వక్కిలేరు పక్కన ఊరు. కె.సి. కాలువ ఒకపక్క, తెలుగుగంగ ఒకపక్క. రుద్రవరం, శిరివెళ్ల, ఉయ్యాలవాడ, చాగలమర్రి, దొర్నిపాడు, చుట్టుపక్కల పల్లెలన్నింటికీ ఎరువులకు, విత్తనాలకు, బట్టలకు, బంగారానికి ఇదే బజారు. అహోబిలం పోయేవాళ్లకు ఇదే దారి. ఇక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి, ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆళ్లగడ్డకు రైలు మాత్రం లేదు. నంద్యాల నుంచి యర్రగుంట్లకు 123 కిలోమీటర్ల లైను వేసినారు, 2016లో బండి నడిచింది. అది బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోయింది. మనకు రోడ్డే దిక్కు.

ఇప్పుడు ఊరు దేని మీద బతుకుతోంది?

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. బ్యాంకు ఉద్యోగాల కోచింగుకు రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి గదులు అద్దెకు తీసుకుంటారు. ఆసుపత్రులు పెరిగినాయి. రోడ్డు నాలుగు వరుసలయింది. ఇవన్నీ మంచివే. మన పిల్లలు చదువుకునేది అక్కడే, మన ఇంట్లో ముసలోళ్లకు నొప్పొస్తే పరుగెత్తేది అక్కడికే. ఊరు పెరగొద్దని రైతు సంఘం ఏనాడూ అనలేదు, అనదు.

కానీ ఒక్క లెక్క వేసుకోండి. మీరు నెలకు ఎన్నిసార్లు నంద్యాలకో ఆళ్లగడ్డకో పోతారు? అందులో కొనడానికి ఎన్నిసార్లు, అమ్మడానికి ఎన్నిసార్లు? ఎరువుకు పోతాం, మందుకు పోతాం, ఫీజు కట్టను పోతాం, ఆసుపత్రికి పోతాం, అర్జీ ఇచ్చేదానికి పోతాం. పంట తీసుకొని పోయిన సందర్భం ఎన్నిసార్లు? చాలామందికి ఏడాదిలో ఒక్కసారి కూడా ఉండదు. వడ్లు కల్లంలోనే పోతాయి. మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోసిన చోటే పోతుంది. శనగలు గోదాము నుంచి పోతాయి. మిరప గుంటూరుకు పోతుంది, పసుపు కడపకో దుగ్గిరాలకో పోతుంది. ఊరికి మనం కొనేవాళ్లుగా మాత్రమే మిగిలినాం.

దీన్ని మన బద్ధకం అని కొందరు అంటారు. బద్ధకం కాదు, దీనికి కారణాలున్నాయి. ఒకటి, ఎరువూ మందూ అప్పు మీద తెచ్చినాం. అప్పిచ్చినాయన చెప్పినోళ్లకే పంట పోవాల. రెండు, కోత మిషను వచ్చినంక వడ్లు పచ్చిగా రాలతాయి. ఆరబెట్టుకునే చోటు లేదు. యార్డులో రైతు కుప్ప పోసుకొని నాలుగు దినాలు ఆరబెట్టుకునేంత కళ్లం ఉంటే, మంచినీళ్లుంటే, పడుకునే చోటుంటే పోతాడు. మూడు, బాడుగ మనది. యార్డుకు తీసుకుపోయి అక్కడ కొనేవాడు ఒక్కడే ఉంటే, ఆ రేటుకే ఇచ్చి రావాల, లేదంటే మళ్లీ బాడుగ పెట్టి వెనక్కి తెచ్చుకోవాల. నాలుగు, గుత్త రైతుకు కాగితం లేదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు రావాలంటే భూమి ఆయన సంతకం పెట్టాల. ఆయన పెట్టడు. కార్డు లేకుంటే, పంట నమోదులో పేరు లేకుంటే, మద్దతు ధరకు అమ్ముకునేది ఎట్లా?

కల్లంలో అమ్మితే ఏం పోతుందో చూద్దాం. బస్తాకు 75 కిలోలు. తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు రెండు కిలోలు తరుగు తీసినారనుకుందాం. ఎకరాకు 40 బస్తాలు అనుకుంటే 80 కిలోలు పోయినట్టు. 2025-26 సీజనుకు ఎ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు 1,911 రూపాయలు. ఐదెకరాల రైతుకు తొమ్మిదిన్నర వేలు. రేటులో తగ్గించింది వేరే, ఇది ఉత్త కాటాలో పోయింది. యార్డులో పదిమంది కొనేవాళ్లు, అందరి కండ్ల ముందర కాటా, గోడ మీద రేటు ఉంటే ఈ తరుగు ఇంత ధైర్యంగా తీయలేరు. సంత అంటే అదీ. సంత అంటే నాలుగు రేకుల షెడ్లు కాదు, ఒకరి రేటు ఇంకొకరికి కనపడే చోటు.

ఇంగ్లండు పాత సంతల నుంచి ఒక మాట

మన కాలువ తవ్విన వాళ్ల దేశంలో సంతల సంగతి కొంచెం చెబుతాను, మనకు పనికొస్తుంది. ఇంగ్లండులో చిన్న చిన్న పట్టణాలు చాలా భాగం సంత మీదే పుట్టినాయి. ఫలానా ఊర్లో ఫలానా వారం సంత పెట్టుకోవచ్చునని రాజు పట్టా ఇచ్చేవాడు. పదమూడో శతాబ్దంలో బ్రాక్టన్ అనే న్యాయశాస్త్ర పండితుడు ఒక నియమం రాసినాడు. ఒక సంతకు ఆరు మైళ్లు, ఇంకో మైలులో మూడింట రెండు వంతులు, అంతకంటే దగ్గరగా ఇంకో సంత పెట్టకూడదు. మన లెక్కలో పదిన్నర కిలోమీటర్ల పైమాట. ఎందుకంత అంటే, మనిషి దినమంతా నడిస్తే 20 మైళ్లు. అందులో మూడో వంతు పొద్దు పోయేదానికి, మూడో వంతు కొని అమ్ముకునేదానికి, మూడో వంతు చీకటి పడకముందే ఇల్లు చేరేదానికి. సంత దూరాన్ని వాళ్లు రైతు నడకతో కొలిచినారు.

తర్వాత రైళ్లు వచ్చినాయి, పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చినాయి. చాలా ఊర్లలో పశువుల సంతలు మూతపడినాయి, సంత మైదానాలు కార్లు నిలిపే చోట్లయినాయి. ఊరి నడుమ కళ తప్పింది. ఇప్పుడు ఆ పట్టణాలను మళ్లీ నిలబెట్టాలని వాళ్లు పథకాలు వేసుకుంటున్నారు. ఆ పని కోసం వాళ్లు ఎంచుకున్న దారుల్లో ఒకటి రైతును మళ్లీ ఊర్లోకి పిలవడం. 1997లో బాత్ అనే పట్టణంలో రైతులు నేరుగా అమ్ముకునే సంత మొదలుపెట్టినారు, ఆ దేశంలో ఆ పద్ధతికి అదే మొదలు. దాన్ని చూసి వేరే ఊర్లు పెట్టుకున్నాయి. మన రాష్ట్రంలో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయినాయి. అంటే ఈ ఆలోచనలో మనమేమీ వాళ్లకంటే వెనకబడి లేము. పెట్టినదాన్ని పోషించడంలో వెనకబడినాం.

దూరం సంగతికి వస్తాను. స్వామినాథన్ గారి అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో పూర్తి చేసిన నివేదికల్లో రైతుకు 5 కిలోమీటర్ల లోపల, అంటే 80 చదరపు కిలోమీటర్లకు ఒక నియంత్రిత మార్కెట్ ఉండాలని చెప్పింది. మద్దతు ధరకు సంబంధించి ఆయన చెప్పిన మాట అందరికీ గుర్తుంది, ఈ మాట మాత్రం ఎవరికీ గుర్తు లేదు. రుద్రవరం అడవి అంచు పల్లె నుంచి ఎడ్లబండి కట్టుకొని పోతే ఐదు కిలోమీటర్లలో యార్డు దొరుకుతుందా? ట్రాక్టరు కట్టుకొని పోయినా దొరకదు.

పరిశోధన నేల మీద ఊరు

ఇక పరిశోధన కేంద్రం సంగతి. నూట ఇరవై ఏండ్ల చరిత్ర ఉన్న కేంద్రం అది. నరసింహ పత్తి అక్కడిదే. సూర్యనంది కొర్ర అక్కడిదే. నంద్యాల సన్నాలు, నంద్యాల సోనా అని ఊరి పేరే పెట్టుకున్న వరి రకాలు అక్కడివే. శనగలో ఎన్.బి.ఇ.జి. 47 రకం చూసినారు గదా, నిటారుగా పెరుగుతుంది, మిషనుతో కోయొచ్చు. కూలీలు దొరకని కాలంలో శనగ రైతుకు అది ఎంత ఆసరానో వేరే చెప్పనక్కర లేదు. ఒక రకం రావాలంటే పదేండ్లు, పన్నెండేండ్లు అదే నేలలో వేసి, చూసి, ఏరి, మళ్లీ వేసి చూడాల. ఆ నేల చరిత్ర తెలిసినదయి ఉండాల. దాన్ని తీసుకొని వేరేచోట అంతే విస్తీర్ణం ఇస్తామంటే సరిపోదు. పొలం మార్చుకోవచ్చు, పొలం అనుభవాన్ని మార్చుకోలేం.

ఆ కేంద్రం భూమిలో 50 ఎకరాలు వైద్య కళాశాలకు ఇచ్చినారు. రైతులు వద్దన్నారు, కోర్టుకు కూడా పోయినారు. అప్పుడు మనల్ని ఆసుపత్రికి అడ్డమొచ్చినోళ్లని అన్నారు. మనం అడిగింది ఆసుపత్రి వద్దని కాదు, ఈ నేల మీద వద్దని. జిల్లా వచ్చినంక కలెక్టరు కార్యాలయం కూడా ఆ కేంద్రం కట్టడాల్లోనే కూర్చుంది. సోమవారం సోమవారం మనం అర్జీలు పట్టుకొని పోయేది సెంటినరీ హాలుకు. ఆ సెంటినరీ ఎవరిదో ఎందరికి తెలుసు? వ్యవసాయ పరిశోధనకు నూరేండ్లు నిండినందుకు పెట్టుకున్న పేరు అది. పండుగ పేరు మిగిలింది, పండుగ చేసుకున్నోళ్లు పక్కకు జరిగినారు.

ఊరికి చోటు కావలసి వచ్చినప్పుడల్లా మొదట కనపడేది రైతుకు సంబంధించిన నేలే. పరిశోధన నేల, యార్డు నేల, చెరువు నేల, కాలువ గట్టు నేల. ఎందుకంటే అవి ఖాళీగా ఉన్నట్టు కనపడతాయి. పైరు లేని కాలంలో చూసినవాడికి చేను కూడా ఖాళీగానే కనపడుతుంది.

విత్తనం మాట వచ్చింది గనక ఇంకొకటి. 2017 అక్టోబరులో జూపాడుబంగ్లా మండలం తంగడంచలో అమెరికా అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం సాయంతో మెగా సీడ్ పార్కు అని ఆర్భాటంగా శంకుస్థాపన చేసినారు. అనుకున్నట్టు ముందుకు పోలేదు. కొత్తది కట్టలేకపోయినప్పుడు ఉన్న పరిశోధన కేంద్రాన్నన్నా గట్టిగా పట్టుకోవాల గదా!

ఆయకట్టు మీద ప్లాట్లు

నంద్యాల చుట్టూ గానీ, ఆళ్లగడ్డ చుట్టూ గానీ రోడ్డు పక్కన రాళ్లు పాతిన మడులు మీరు చూస్తూనే ఉన్నారు. సేద్యం గిట్టక అమ్ముకున్న రైతును నేను తప్పు పట్టను. ఆడబిడ్డ పెండ్లికి, ఆసుపత్రి అప్పుకు అమ్ముకున్నాడు. కానీ ఒక మడి ప్లాటయితే ఆ ఒక్క మడితో పోదు. పంట కాలువ మూసుకుపోతుంది. దిగువ నాలుగు మడులకు నీళ్లు రావు, వచ్చిన నీళ్లు బయటికి పోవు. మురుగు కాలువ పూడిస్తే వాన నీళ్లు ఎదురు తిరుగుతాయి. నంద్యాల చుట్టూ చామకాలువ, మద్దిలేరు, కుందూ ఉన్నాయి. గట్టి వాన కురిస్తే కాలనీల్లోకి నీళ్లు ఎందుకొస్తాయంటే, నీళ్లు పోయే దారిలో మనం ఇండ్లు కట్టుకున్నాం గనక. ఊరి మురుగంతా చేరేది కుందూలోకే. దిగువ రైతు ఆ నీళ్లే మోటారు పెట్టి తోడుకుంటాడు.

సేద్యం భూమిని వేరే పనికి మార్చాలంటే అనుమతి తీసుకోవాలని 2006లో నాలా చట్టం వచ్చింది. 2025లో ఆ చట్టాన్నే రాష్ట్ర ప్రభుత్వం తీసేసింది. పని సులువు చేసినామని చెప్పినారు. ఎవరికి సులువయిందో చూసుకోవాల. ఇంక అడ్డుకోవలసింది, అడగవలసింది మునిసిపాలిటీ ప్లానులోనే, లేఅవుటు అనుమతిలోనే. పంట కాలువ, మురుగు కాలువ మ్యాపులో గీసి, వాటిని కదిలించకుండానే అనుమతి ఇవ్వాలని పట్టుబట్టాల.

నీళ్ల మాట వేరే సభలో వివరంగా చెప్పుకుంటాం. ఇక్కడ ఒక్క మాట. కె.సి. కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టి.ఎం.సి. ఇచ్చింది. కాగితం మీద ఉంది. సుంకేసుల దగ్గర నిలవ చేసుకునే చోటు అంతంత మాత్రం. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము గేటు ఒకటి కొట్టుకుపోతే నెల్లూరు దాకా కాదు, నంద్యాల బట్టల అంగట్లో కూడా దిగులే. రెండో కారు నీళ్లు రావంటే బజారులో బేరాలు పడిపోతాయి. ఆ సంగతి మనకంటే అంగడివాళ్లకు బాగా తెలుసు. కాబట్టి గుండ్రేవుల అన్నా, సిద్ధేశ్వరం అలుగు అన్నా అది రైతు డిమాండు మాత్రమే కాదు, పట్టణం డిమాండు కూడా. వ్యాపారులను, హమాలీలను, ఆటో వాళ్లను మన పక్కన నిలబెట్టుకోవాల.

మనం అడగాల్సింది ఏమిటి?

2017 ఆగస్టులో నంద్యాలకు ఉప ఎన్నిక వచ్చింది. దానికి ముందు నెలల్లో రోడ్లు ఎంత వేగంగా వెడల్పయినాయో అందరం చూసినాం. తలుచుకుంటే పని అవుతుందని దాంతో తేలింది. మరి ఆ తలుచుకోవడం యార్డు మీదకు ఎందుకు రాదు? మనం అడగలేదు గనక. ఇప్పుడు అడుగుదాం.

ఒకటి. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం కొనేవాడు నూటికి రూపాయి సెస్సు కట్టాల. పంట యార్డుకు వచ్చినా, కల్లంలో కొన్నా కట్టాల్సిందే. 200 క్వింటాళ్ల వడ్ల లారీ ఒకటి పోతే మద్దతు ధర లెక్కన 4,778 రూపాయలు. ఏడాదికి మన మండలాల నుంచి ఎన్ని లారీలు పోతాయో మీరే లెక్క వేసుకోండి. నంద్యాల టెక్కె యార్డులో, ఆళ్లగడ్డ యార్డులో ఆ డబ్బు ఏడాదికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, యార్డు గేటు దగ్గర బోర్డు మీద రాయాల.

రెండు. ఆ డబ్బుతో ఆరబోసుకునే సిమెంటు కళ్లాలు, తేమ కొలిచే మిషను, ధర్మకాటా, రైతులు పడుకునే గది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. కోతల కాలంలో ఇవి ఉన్నాయో లేదో మన సంఘమే పోయి చూసి రాయాల.

మూడు. యార్డు నేలలో ఒక్క సెంటు కూడా వేరే పనికి ఇవ్వకూడదు. పరిశోధన కేంద్రంలో మిగిలిన నేలకు హద్దురాళ్లు వేసి, ఇంక కదిలించబోమని ప్రభుత్వం జీవో ఇవ్వాల. కలెక్టరు కార్యాలయానికి సొంత భవనం వేరేచోట కట్టి, ఆ కట్టడాలు కేంద్రానికి తిరిగి ఇవ్వాల.

నాలుగు. గోదాములో పంట పెట్టి మార్కెట్ కమిటీ నుంచి అప్పు తీసుకునే రైతుబంధు పథకం మన రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉంది. పంట విలువలో 75 శాతం దాకా ఇస్తారు, ఆరు నెలల దాకా వడ్డీ ఉండదు. కోతల కాలంలో రేటు పడిపోయినప్పుడు ఇది రైతుకు ఊపిరి. శనగలు రేటు లేక ఏండ్ల తరబడి గోదాముల్లో పడి, వడ్డీ పెరిగి, బ్యాంకు నోటీసులు వచ్చిన కాలం మనం చూసినాం. ఈ పథకానికి తగినంత డబ్బు, తగినన్ని గోదాములు మన రెండు కమిటీలూ చూపించాల. గుత్త రైతుకు కూడా వర్తించాల.

ఐదు. ఆళ్లగడ్డకు ప్రత్యేకంగా. అహోబిలం పోయే యాత్రికులు, శిల్పం కొనడానికి వచ్చేవాళ్లు ఈ ఊరి మీదుగానే పోతారు. నాలుగు వరుసల రోడ్డు మీద పోయే కారు ఊర్లో ఆగాలంటే కారణం ఉండాల. శిల్పుల పనిచోటు పక్కన రైతు బజారు పెట్టండి. బనగానపల్లె మామిడి, మహానంది అరటి, మన పసుపు, మన కొర్రలు, దంచిన కారం పెట్టి ఆడవాళ్ల సంఘాలు అమ్ముకుంటాయి. రాయి చెక్కేవాళ్లకు, పంట పండించేవాళ్లకు ఇద్దరికీ ఒకటే సమస్య, చేసినదానికి నేరుగా కొనేవాడు కావాల.

ఆరు. పట్టణ మాస్టర్ ప్లాను తయారుచేసేటప్పుడు చుట్టూ ఉన్న పల్లెల రైతులను కూర్చోబెట్టి మాట్లాడాల. అభ్యంతరాలు చెప్పుకునే గడువు ఇస్తారు, పేపర్లో ఒక మూల వేస్తారు. ఆ మూల చదివే పని మన సంఘం ఒక కుర్రోనికి అప్పజెప్పాల.

మనం చేయాల్సిన పని

అన్నీ ప్రభుత్వాన్ని అడిగి ఇంటికి పోతే జరగవు. కాలువ కంపెనీ లాభం కోసం తవ్వింది, నాయకులు ఓటు కోసం రోడ్డు వేస్తారు. మన పని మన కోసం మనమే చేసుకోవాల.

ఈ కారు కోతలకు ఊరికి పదిమంది రైతులు ఒక్కటై ఒకేరోజు వడ్లు యార్డుకు తీసుకురండి. ఒక ట్రాక్టరు వస్తే కొనేవాడు రాడు. యాభై ట్రాక్టర్లు వస్తే కొనేవాడు తనే వస్తాడు. ముందే చెప్పి, కమిటీ కార్యదర్శికి రాసిచ్చి, హమాలీ సంఘంతో మాట్లాడి పోదాం. మొదటిసారి రేటు బ్రహ్మాండంగా వస్తుందని నేను చెప్పను. కాటా సరిగ్గా ఉంటుంది, లెక్క కాగితం చేతికొస్తుంది. ఆ కాగితం ఉంటే రెండోసారి బేరం మన చేతిలో ఉంటుంది. అప్పిచ్చినాయనకు కూడా ఆ కాగితం చూపించి, "ఇదీ నీ బాకీ, ఇదిగో డబ్బు" అని కట్టొచ్చు, పంట పోసి కట్టాల్సిన పని లేదు.

గుత్త రైతుల పేర్లు పంట నమోదులో ఎక్కించే పని విత్తనం పడిన నెలలోపే జరగాల. ప్రతి ఊర్లో మన సంఘం వాళ్లు ఇద్దరు రైతు సేవా కేంద్రానికి పోయి జాబితా అడిగి చూసుకోండి. పేరు లేనోళ్లను అక్కడే ఎక్కించండి. తర్వాత ఏడ్చి లాభం లేదు.

చివరగా ఒక మాట. ఊరు పెరిగితే రైతుకు గర్వమే. నంద్యాల పేరు దేశంలో ఏ బియ్యం అంగట్లో విన్నా మనకు సంతోషమే. ఆ పేరు బియ్యం బస్తా మీద నుంచి వచ్చింది, ప్లాటు బోర్డు మీద నుంచి కాదు. బస్తా నింపేవాడు ఊర్లోకి తలెత్తుకొని వచ్చి, తన కాటా తాను చూసుకొని, తన రేటు తాను అడిగి, పొద్దు గూకేలోపల ఇల్లు చేరగలిగిన రోజు ఈ ఊర్లు నిజంగా బాగుపడినట్టు. దానికి మొదటి పని కోతల ముందే మొదలుపెడదాం. ఊరికి పదిమంది పేర్లు ఈ సభ అయిపోయేలోపల రాసివ్వండి, కాగితం వేదిక పక్కనే ఉంది.

సెలవు. జై కిసాన్.